ఐదో షరతు

విస్తళ్లు కుట్టే ఎండిన అడ్డాకు మీద నీళ్లు చల్లి మెత్తబరచకపోతే పుల్ల గుచ్చగానే పగిలిపోతుంది. ఆ పొద్దున నేను నీళ్లు చల్లుతుంటే మా ఆయన కోటేష్ చాయ్ తాగుతూ అన్నాడు.

"ఇంకొక్కసారి రాజీ పడరాదే. పోయేదేముంది?"

ములకలపల్లిలో మా విస్తరాకుల యూనిట్ నా పేరు మీదే ఉంది. ఆడవాళ్లకైతే లోన్ జల్దీ వస్తుందని ఆయనే పెట్టించాడు. ఆకు ఏరడం, కుట్టడం, మిషన్ మీద నొక్కడం నా పని. భద్రాచలం సేఠుతో మాట్లాడటం ఆయన పని. నా సరుకును సేఠు తన షాపు పేరుతో అమ్ముకుంటుంటే కేసు వేశాను. నిరుడు రాజీ కుదిరింది. నేను కేసు వాపసు తీసుకుని సరుకంతా సేఠుకే ఇవ్వాలి. సేఠు ప్రతి కట్ట మీదా 'ప్రమీల విస్తరాకులు' అని అచ్చు వేయించాలి. నా మాట నేను నిలబెట్టుకున్నాను.

తర్వాత మణుగూరులో ఒక పెళ్లికి వెళ్లాను. బంతిలో కూర్చుంటే నా ముందు వేసింది నా కుట్టే. పక్కన పడి ఉన్న కవరు మీద మాత్రం 'కోటేష్ విస్తరాకులు' అని ఉంది.

"మీ ఆయన మస్తు కుడ్తడు వదినా" అంది పక్కనున్నామె. నవ్వాను. ఆ కవరు మడిచి కొంగులో దోపుకున్నాను.

ఇంటికొచ్చి అడిగితే ఆయన కప్పిపుచ్చనైనా లేదు. "అవ్, నేనే ఏపిచ్చిన. ఎవరి పేరైతేంది, ఇంట్ల పేరే గద." మా అత్త అందుకుంది. "మొగని పేరు ముందుంటే నీకే ఇజ్జత్ పిల్లా."

రాజీ. అత్తకు వండిపెట్టే మనిషి లేదని నా అంగన్‌వాడీ కొలువు మానిపించిన రోజు కూడా ఇదే మాట. నేను పడుకునే గదిలో ఆకు మోపులు వేసి, నా చాప వంటింట్లోకి మార్చిన రోజూ ఇదే మాట. అందరూ తిన్నాక ఆ చాప మీదే ఒక్కదాన్నే తింటాను. తిన్నావా అని అడిగే గొంతు ఆ ఇంట్లో ఏనాడూ వినలేదు.

కవరు మీద పేరు దిద్దమని లాయరుతో సేఠుకు ఇప్పించిన నెల నోటీసు గడువు ఆ పొద్దుటితో అయిపోయింది. నీళ్ల చెంబు అక్కడే పెట్టి భద్రాచలం బస్సెక్కాను. పక్క సీటు ఖాళీగానే ఉంది.

లాయరు సువర్ణ మేడం నెమ్మదిగా చెప్పింది. "రెండు తొవ్వలున్నయక్కా. కోర్టుల ఏసి ఆ రాజీనే అమలు చేపియ్యొచ్చు. సేఠు నీ పేరు ఏస్తడు గని సరుకు ఆయనకే ఇయ్యాలె. లేదంటే ఐదో షరతు. ఒకలు మాట తప్పి, నోటీసిచ్చినా దిద్దుకోకపోతే, రెండోవాళ్లు రద్దు చేస్కోవచ్చు. పాత కేసు మళ్ల నడపాలె. సరుకు నీ ఇష్టమున్నోళ్లకు అమ్ముకో. కొనేటోళ్లు దొరికేదాక కష్టమే."

"గిసొంటి షరతు అన్ని రాజీలల్ల ఉంటదా మేడం?"

"రాసుకుంటే ఉంటదక్కా."

రాజీ కాగితంలో ఐదో షరతును వేలితో వెతికి చదివాను. మా ఇంట్లో రాజీలు ఎవరూ రాయలేదు. నేనూ రాయమనలేదు.

రద్దు కాగితం మీద సంతకం పెట్టి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. కోటేష్.

"కూర ఏడ పెట్టినవే? ఏమైంది, రాజీ పడ్డవా?"

"సేఠుది రద్దు చేసిన."

"మరి నా సంగతేంది?" అన్నాడు.

"నీకు గూడ ఇదే నోటీసు" అన్నాను. "దిద్దుకోనీకి నెల టైముంది."