నూగు ఒకే వైపు

ఆదివారం పదకొండింటికి మేస్త్రీ వస్తాడు. ఆ లోపు ఇంటి ముందు గడ్డి మొత్తం నేనొక్కణ్నే తోపుడు మిషనుతో కోసేస్తే లాన్ ఉంటుంది. కొయ్యలేకపోతే దాని మీద టైల్స్ పడతాయి, టైల్స్ మీదికి మా బావమరిది కారు ఎక్కుతుంది. ఇదీ ఒప్పందం.

ఈ ఇల్లు మా ఆవిడా, వాళ్ల తమ్ముడూ కలిసి కట్టుకున్నది. కింద మేం, పైన వాళ్లు. ముందున్న జాగా ఇద్దరిదీ. ఇన్నాళ్లూ ఆ జాగా గోల ఎవరికీ పట్టలేదు. బావమరిది కారు కొన్న దగ్గర్నుంచీ గడ్డి వాడికి కంట్లో నలుసైంది.

"ఎందుకు బావా ఈ అడవి? పాములొస్తాయి" అన్నాడు.

"నీ కారొచ్చాక అవి కూడా రావులే."

"చీలమండలు దాటి పెరిగింది. కోసే ఓపిక నీకెక్కడుంది? మనిషిని పెట్టాలంటే నేను రూపాయి ఇవ్వను."

"నేనే కోస్తా."

"నువ్వా?" అని వాడు నవ్విన నవ్వుకి పై వాటాలో వాళ్లావిడ కిటికీ తీసి ఏమైందని అడిగింది.

అక్కాతమ్ముళ్ల మధ్య మాట పెరగకుండా మా ఆవిడే గడువు పెట్టింది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఈ ఇంట్లో నన్ను అడిగి చేసేది ఒక్కటే, గ్యాస్ సిలిండర్ మార్చడం.

నేను బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కోస్తాను. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా సిమెంటు గచ్చు మీద నిలబడాలి. కుర్చీ ఒకటుంది, కాని అది సూపర్‌వైజరుది. ఇంటికొచ్చి చెప్పులు విడిచి గడ్డి మీద కాళ్లు పెడితే అరికాళ్లలోంచి ఆ రోజంతా కిందికి దిగిపోతుంది. ఈ లోకం నాకు మెత్తగా ఇచ్చింది అదొక్కటే. దాన్ని కూడా గచ్చు చేస్తానంటే నేనెందుకు ఊరుకుంటాను?

మిషను పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికింది. రెండు చక్రాలు, వాటి మధ్య మెలితిరిగిన ఐదు రెక్కలు, కింద కదలని ఒక ఇనుప పట్టీ. పెట్రోలు వద్దు, కరెంటు వద్దు. తోస్తే చక్రాలతోపాటు రెక్కలు తిరుగుతాయి, గడ్డి పరక రెక్కకీ పట్టీకీ మధ్య ఇరుక్కుని తెగుతుంది. అంటే కత్తెరే. "కత్తులు బాగా నూరించండి" అని కొట్టువాడు సలహా ఇచ్చాడు. వాడికేం తెలుసు? కత్తెరకి పదునొకటే కాదు, రెండు అలుగులూ ఒకదాన్నొకటి రాసుకునీ రాసుకోనట్టు ఉండాలి. ఆదివారం పొద్దున్నే నూనె పెట్టి, మరలు అరచుట్టు బిగించి, అరచుట్టు వదులు చేసి, పేపరు ముక్కని రెక్కల మధ్య పెట్టి తిప్పి చూశాను. పదోసారికి పేపరు నవ్వుతూ తెగింది. అప్పటికి తొమ్మిదిన్నర.

మొదటి వరస చరచరమంటూ పోయింది. పచ్చి వాసన ముక్కుకెక్కింది. ముందుకు ఎగిరి పడుతున్న పరకలు చూస్తుంటే నాకే ముచ్చటేసింది. గడ్డి ఎత్తుగా ఉంది కనక ప్రతి వరసా నెమ్మదిగా తొయ్యాలి, అయినా నాలుగు డజన్ల లోపు వరసలు, లెక్క సరిపోయింది. గోడ దగ్గర మిషను తిప్పి రెండో వరస ఎదురు వచ్చాను. గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాను.

మొదటి వరస లేత రంగు, రెండోది ముదురు రంగు. ఒకే గడ్డి, రెండు తానుల్లోంచి తెచ్చి అతికినట్టుంది.

వెల్వెట్ కోసేవాడు ఎవడైనా ముందు దాన్ని అరచేత్తో నిమురుతాడు. ఒక వైపు నిమిరితే నూగు పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. పడుకున్న చోట ఒక రంగు, లేచిన చోట ఇంకో రంగు. అందుకని ముక్కలన్నీ ఒకే వైపుకి కోస్తారు. ఒక్కటి తలకిందులైనా కుట్టాక అది మొహం మీద మచ్చలా కనబడుతుంది. గడ్డి కూడా అంతే. మిషను ఎటు పోతే అటు వాలుతుంది.

నేను రెండో వరస మళ్లీ గేటు వైపునుంచి కోశాను. అక్కణ్నుంచి ప్రతి వరసా గేటు నుంచి గోడకే. వెనక్కి లాక్కొస్తే చక్రాలు నూగు చెదరగొడతాయి కనక, గోడ దగ్గర మిషను ఎత్తి చంకన పెట్టుకుని, లాన్ అంచున చుట్టూ నడిచి గేటు దగ్గర దింపేవాణ్ని. ఇనుము. తక్కువ బరువేం కాదు.

పైన బాల్కనీలో బావమరిది కాఫీ గ్లాసుతో ప్రత్యక్షమయ్యాడు.

"బావా, దాన్ని తోస్తారు. మొయ్యరు."

"తెలుసు."

"పాపం దానికి నడవడం రాదేమో. చక్రాలు చూపించి నేర్పించు."

"నీ కాఫీ చల్లారుతోంది, తాగు."

"నాకు తొందరేం లేదు బావా. తొందర నీది."

నిజమే. పద్దెనిమిది వరసలు అయ్యేసరికి నడుము రెండు ముక్కలైంది. చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. మా ఆవిడ మంచినీళ్లు పట్టుకొచ్చి, గోడ గడియారం చూసి వచ్చానంది. పది ఇరవై. సగం మిగిలి ఉంది.

"ఏమండీ, ఎందుకలా మోస్తున్నారు?"

"అటునుంచి తోస్తే నూగు తిరగబడుతుంది."

"దేనికి?"

"గడ్డికి."

ఆవిడ కాసేపు గడ్డిని చూసింది, కాసేపు నన్ను చూసింది. "ఎండ తగిలిందా?" అంది.

నూగు సంగతి చెప్పాను. ఓపిగ్గానే వింది. "అయితే ఏమిటిట? ఇలా మోసుకుంటూ పోతే పదకొండు దాటిపోతుంది. వాడికి కావలసింది అదే" అంది.

"దాటినా సరే. తప్పు కోత మళ్లీ కొయ్యను."

"మళ్లీ ఏమిటి?"

నోరు జారింది. నీళ్లు తాగుతున్నట్టు గ్లాసు వెనక దాక్కున్నాను. గ్లాసులో నీళ్లు ఎంతసేపు ఉంటాయి?

పంతొమ్మిదేళ్ల కిందట నేను కటింగ్ మాస్టర్ని. ఒక నాటకాల హాలుకి మెరూన్ వెల్వెట్ తెరలు వచ్చాయి. గుడ్డ మిగిల్చి పైవాళ్ల మెప్పు పొందుదామని సగం ముక్కలు తలకిందులుగా పరిచి కోశాను. తెర కట్టి లైట్లు వేస్తే ఒక పట్టీ మెరూను, ఒక పట్టీ నలుపు. వారం తిరక్కుండా నన్ను మామూలు కోతకి దింపారు. ఇప్పటికీ అదే టేబులు, అదే చివర. ఇంట్లో మాత్రం మేనేజరు కుళ్లుబోతు అని, నేను పైకి రావడం చూడలేక దింపేశాడని చెప్పాను. చెప్పగా చెప్పగా నేనూ నమ్మాను.

ఇదంతా నాలుగు ముక్కల్లో చెప్పేశాను.

"అంటే తప్పు మీదా?" అంది.

"నాదే."

"పంతొమ్మిదేళ్లు ఆ మేనేజర్ని నాచేత తిట్టించారు."

"నువ్వు తిడుతుంటే హాయిగా ఉండేది."

"ఆ మేనేజరు భార్య కూరగాయల దగ్గర కనబడి నవ్వితే మొహం తిప్పుకున్నాను. ఒకసారి కాదు. ఆవిడ నా గురించి ఏమనుకుని ఉంటుంది?"

"పొగరనుకుని ఉంటుంది."

ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ నా చేతిలో గ్లాసు లాక్కుంది. మొహంలో కోపం ఉంది కాని, దాని పక్కనే ఇంకేదో కూడా ఉంది. అది నవ్వు అని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

"గుడ్డయితే కోశాక అతకదు. ఇది గడ్డి. పది రోజుల్లో మళ్లీ వస్తుంది, మీరు చేసిన తప్పు తనే మింగేస్తుంది. దీన్ని ఎవరూ కట్టుకోరు, ఎవరూ తొడుక్కోరు. తొయ్యండి, వెళ్లి."

తోశాను. గోడ దగ్గరికి పోయి, కళ్లు మూసుకున్నంత పని చేసి, మిషను తిప్పి గేటు వైపు తోశాను. వెనక్కి చూడలేదు. అటూ ఇటూ, ఇటూ అటూ. మొయ్యడం పోయేసరికి మిషను గాలిపటంలా తేలికైంది. చరచర, చరచర. ఒక చోట రాయి తగిలి ఆగింది, దాన్ని తీసి కారు వైపు విసరాలనిపించింది కాని టైము లేదు. బాల్కనీలో బావమరిది కాఫీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టాడు.

చివరి వరస గోడకి ఆనేసరికి గేటు చప్పుడైంది. మేస్త్రీ, చేతిలో కొలత టేపు. బావమరిది మెట్లు మూడేసి దిగాడు.

అప్పుడు చూశాను. ఎడమ సగం నున్నగా, ఒకే రంగు. కుడి సగం లేత చార, ముదురు చార, లేత చార, ముదురు చార. నా కళ్లకి పాడైపోయిన తాను అది. తలెత్తలేకపోయాను.

"అబ్బ, గీతలు భలే కోశారు" అన్నాడు మేస్త్రీ, పాడైన సగాన్ని చూస్తూ. తర్వాత నేను ప్రాణం పెట్టి కోసిన సగాన్ని చూపించి, "ఇటు ఇంకా కొయ్యలేదా?" అన్నాడు.

"అదీ మాట. అటు కొయ్యలేదు. సగమే అయింది" అని బావమరిది అందుకున్నాడు.

"కొయ్యకపోవడమేమిట్రా? నువ్వు పైనుంచి చూస్తూనే ఉన్నావుగా."

"నేను చూసింది నువ్వు మొయ్యడం బావా. కొయ్యడం సంగతి నాకు తెలీదు."

ఒళ్లు మండింది. నా జీవితంలో సరిగ్గా చేసిన పని అదొక్కటి, దాన్ని పట్టుకుని చెయ్యలేదంటున్నాడు. నోరు తెరిచేలోగా మా ఆవిడ మేస్త్రీతో, "ఎలాగూ కొలవడానికే వచ్చారు. గడ్డి ఎత్తు కొలవండి. రెండు వైపులా" అంది.

మేస్త్రీ గొంతుక్కూర్చుని టేపు దించాడు. ఇటు రెండంగుళాలు. అటు వెళ్లి కూర్చున్నాడు. రెండంగుళాలు. నమ్మకం కుదరక బావమరిది తనే టేపు తీసుకుని మూడు చోట్ల కొలిచాడు. మూడు చోట్లా అంతే.

"టైల్స్ వద్దులెండి" అన్నాడు చివరికి మేస్త్రీతో. వాడిలో మంచేదైనా ఉంటే అదే, లెక్క తేలాక పేచీ పెట్టడు. తర్వాత నావైపు తిరిగి, "కాని బావా, ఆ మొండి సగానికి కూడా గీతలు కొట్టు. చూడ్డానికి బాలేదు" అన్నాడు.

కారు ఎండలో కాలుతోందని వాళ్లావిడ పైనుంచి కేకేస్తే, తాళాలు వెతుక్కుంటూ వెళ్లాడు.

పని లేకుండా పోయిన మేస్త్రీ టేపు చుట్టుకుంటూ కదల్లేదు. "మా ఇంటి ముందు కూడా కాస్త గడ్డుందండీ. నా బోటివాడు తోస్తే ఇలా గీతలు వస్తాయా?" అన్నాడు.

అవి గీతలు కావు, తిరగబడ్డ నూగు, ముక్క తలకిందులు చేస్తే వచ్చేదని చెప్పబోయాను. మా ఆవిడ గ్లాసు పట్టుకుని నావైపే చూస్తోంది.

"వస్తాయి. ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి తొయ్యాలి. అంతే" అన్నాను.