మాట తిరిగి చెప్పాకే

మేస్త్రీ మోటారు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. దాని వణుకు మణికట్టు దాటి మోచేతి దాకా పాకింది. మోటారు బాగానే తిరుగుతోందని చెయ్యి చెబుతోంది. చెవి మాత్రం ఏమీ చెప్పడం లేదు. అది చెప్పడం మానేసి చాలా కాలమే అయింది. ముందు ఎడమ చెవి పోయింది. ఆ వెనకే కుడి చెవి కూడా కాస్త కాస్తగా ఖాళీ అవుతూ వచ్చింది. ఇప్పుడు మిగిలిందల్లా, తలుపులు మూసిన పక్కగదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఒక గొణుగుడు. మీసాలు రాకముందు నుంచీ లిఫ్టు మోటార్ల రొదలోనే బతికిన మనిషికి అంతకంటే ఏం మిగులుతుంది?

ఆయన తల తిప్పి, పక్కన నిలబడ్డ స్కూలు పిల్ల ముఖంలోకి చూశాడు.

"ఏం వినిపిస్తోంది?"

ఆ పిల్ల కళ్ళు చికిలించి, ఊపిరి బిగబట్టి విన్నది. "ఎవరో నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టుంది అంకుల్. లిఫ్టు పైకి వచ్చేటప్పుడే. దిగేటప్పుడు లేదు."

"ఎడమ పక్కా, కుడి పక్కా?"

"ఎడమ."

"శభాష్" అన్నాడు మేస్త్రీ. లిఫ్టు జారే ఎడమ పట్టా మీద నూనె ఎండిపోయిందన్నమాట. తనకు తెలియని సంగతి ఆ పిల్ల చెప్పింది. తెలిసే అడిగినట్టు తను తల ఊపాడు. ఆ పిల్ల పరీక్ష పాసయినట్టు మురిసిపోయింది.

పిల్లలు నాలుగు చోట్ల పని ఎలా జరుగుతుందో చూడాలని స్కూలువాళ్ళు పంపించారు. ఇంటర్న్‌షిప్ అట. తోటివాళ్ళకి బ్యాంకూ ఆస్పత్రీ దొరికాయి. పేర్లు రాసుకునే రోజున ఈ పిల్ల జ్వరంతో పడుకుంది, చివరికి లిఫ్టులు మిగిలాయి. మొదటి రోజు తెల్ల బూట్లు వేసుకొచ్చి, సాయంత్రానికి వాటిని చూసుకుని ఏడుపుముఖం పెట్టింది. "షాఫ్టులోకి దించకు, చూపించి పంపించు చాలు" అన్నాడు కంపెనీ యజమాని. ఇదెక్కడి తలనొప్పిరా బాబూ అనుకున్నాడు మేస్త్రీ. కానీ ఆ పిల్ల నోరు తెరిచి "గుడ్ మార్నింగ్ అంకుల్" అనగానే ఉలిక్కిపడ్డాడు. వినిపించింది! మైకు మింగినట్టున్న ఆ గొంతు ఆయన కుడి చెవిలోకి నేరుగా దూరింది. అప్పటి నుంచి ఆ పిల్లని పక్కనుంచి కదలనివ్వలేదు.

ఆ పిల్ల చెవులతో పని నడిపే ఈ ఉపాయం వెనక ఉన్న భయం మాత్రం ఆయన్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదు. ఎందుకంటే కింద లిఫ్టు నెత్తిన నిలబడి పనిచేసేది ఆయన అల్లుడు, ఒక్కగానొక్క కూతురి మొగుడు.

అల్లుడు ముందు ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాడే. అప్పుడు మేస్త్రీ వాణ్ణి "ఒరేయ్" అనేవాడు. పెళ్ళయ్యాక భార్య కళ్ళెర్రజేస్తే "అల్లుడూ" అనడం అలవాటు చేసుకున్నాడు. పాతకాలపు లిఫ్టుల్లో లిఫ్టు నెత్తిన నిలబడ్డ మనిషి చేతిలో ఏ మీటా ఉండదు. అన్ని అంతస్తుల పైన ఉన్న మెషిన్ గదిలో కూర్చున్నవాడే బటన్లు నొక్కాలి. నేలలో ఇనప తాళ్ళు దిగే కంతలోంచి కిందివాడు అరుస్తాడు, పైవాడు ఆ మాటను అలాగే తిరిగి అరిచి, ఆ తర్వాతే బటను మీద చెయ్యి వేస్తాడు. "పైకి" అంటే "పైకి". "ఆపు" అంటే "ఆపు". తిరిగి చెప్పని మాట చెప్పనట్టే లెక్క. ఈ పనిలో ఎవరైనా మొదట నేర్చుకునేది ఇదే. స్కూలు పిల్లకి కూడా మేస్త్రీ ఇదే మొదట నేర్పాడు. దానికిదో ఆటయిపోయింది. వాళ్ళమ్మ "పాలు తాగు" అన్నా "పాలు తాగు" అని అరిచి తాగుతోందట.

ఆ పిల్ల రాకముందు చాలా కాలం మేస్త్రీ గుడ్డిగా నెట్టుకొచ్చాడు. ఎదురుగా మనిషి ఉంటే పెదవుల కదలిక చూసి పోల్చుకునేవాడు, కంత దగ్గర అదీ కుదరదు. పనికి ఒక వరస ఉంటుంది. ఏ మర తర్వాత ఏ మర బిగించాలో అల్లుడికి నేర్పింది తనే. కంతలోంచి గొణుగుడు రాగానే, ఇప్పుడు "పైకి" అనుంటాడు, ఇప్పుడు "ఆపు" అనుంటాడు అని లెక్కగట్టి తిరిగి చెప్పేవాడు. ఒకసారి మాత్రం తప్పాడు. అల్లుడు చటుక్కున కూర్చున్నాడు కాబట్టి సరిపోయింది. "ఏంటి మావయ్యా, ఎటో ఆలోచిస్తున్నావు?" అని నవ్వి ఊరుకున్నాడు. మేస్త్రీకి ఆ రోజు అన్నం సహించలేదు.

"వాడికి చెప్పు" అని ఇంట్లో భార్య రోజూ పోరుతూనే ఉంది. చెబుదామనే అనుకుంటాడు. నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

మధ్యాహ్నం ముగ్గురూ మెట్ల మీద కూర్చుని క్యారేజీలు విప్పారు. తినడం కాగానే అల్లుడు వాన్ తీయడానికి కిందికి వెళ్ళాడు. మేస్త్రీ చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆ పిల్ల ఆయన్ని వింతగా చూస్తోంది. ముఖం పాలిపోయింది.

"ఏమైంది?"

ఆ పిల్ల దగ్గరికి వచ్చి, కుడి చెవి దగ్గర, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "మీ చొక్కా మీద బల్లి పాకుతోందని వెనక నుంచి అరిచాను. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాను. మీరు చేతులు కడుక్కుంటూనే ఉన్నారు."

మేస్త్రీ వీపు తడుముకున్నాడు.

"బల్లి లేదు అంకుల్. ఊరికే అన్నాను. మీకు వినిపించదు కదూ?"

 ఇంతకాలం దాచుకున్నది ఒక చిన్నపిల్ల చేతికి చిక్కినందుకు ఆయనకు సిగ్గేసింది. సిగ్గు వెనకే ఏదో బరువు దిగినట్టు కూడా అనిపించింది. మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎవరికీ చెప్పకమ్మా."

"అన్నయ్యకి తెలుసా?"

అడ్డంగా తల ఊపాడు. "తెలిస్తే నేను పైన ఉండగా వాడు దిగడు. దిగకూడదు కూడా. నన్నేమో గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. నేను చెప్పిన మాట మీద ప్రాణం పెట్టి లోపలికి దిగేవాళ్ళమ్మా అందరూ. ఆ మాట నా దగ్గర లేదంటే, ఇంకేముంది నా దగ్గర?"

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా గొంతు తగ్గించలేదు. "మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నేనే చెప్తాను. సాయంత్రం చెప్తాను. మిగిలిన ఈ ఒక్క లిఫ్టూ అయిపోనీ. అందాకా నా పక్కనే ఉండు."

"నేనే చెప్తాను, సాయంత్రం చెప్తాను" అని తిరిగి చెప్పింది ఆ పిల్ల, మీరూ అనండి అన్నట్టు వేలు చూపిస్తూ.

"నేనే చెప్తాను, సాయంత్రం" అని ఆయన తిరిగి చెప్పాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ ఒక్క లిఫ్టూ పాత అపార్ట్‌మెంటులో ఉంది. కారిడార్లో ట్యూబులైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. సామాన్ల సంచులతో మెట్లెక్కుతున్న ఒకావిడ ఆగి, "ఇవాళైనా బాగుచేస్తారా, లేకపోతే మా మోకాళ్ళు కూడా మీరే బాగుచేస్తారా?" అని దెప్పింది. "మోకాళ్ళు మా డిపార్ట్‌మెంటు కాదండీ" అన్నాడు అల్లుడు. ఆవిడ నవ్వకుండానే వెళ్ళిపోయింది. అల్లుడు పై అంతస్తు తలుపు తెరిచి, లిఫ్టు నెత్తికెక్కి, లైటు తలకు కట్టుకున్నాడు. తలుపు మూసే ముందు పిల్లతో, "మా మావయ్యని జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. రోజూ అనే మాటే. మేస్త్రీ మాత్రం ఇవాళ అల్లుడి పెదవుల మీంచి చూపు తిప్పుకున్నాడు.

మెషిన్ గదిలో గాలి లేదు. మాడిన గ్రీజు వాసన ముక్కుకి పట్టేస్తోంది. తాళ్ళు తిరిగే చక్రం నల్లగా, నడుమెత్తున ఉంది. మేస్త్రీ బటన్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల కంత పక్కన గొంతుక్కూర్చుంది.

"కిందికి అంటున్నాడు."

"కిందికి!" నొక్కాడు. చక్రం కదిలింది.

"ఆపు."

"ఆపు!"

ఇంత సుఖంగా పనిచేసి ఎన్నాళ్ళయిందో. అల్లుడి మాట పిల్ల నోటి నుంచి తన చెవికి, తన నోటి నుంచి మళ్ళీ అల్లుడికి. ఎక్కడా అనుమానం లేదు. సాయంత్రం ఎలా చెప్పాలో కూడా మనసులో కూర్చుకున్నాడు. టీ తాగేటప్పుడు చెప్పాలి. "ఒరేయ్" అనే మొదలుపెట్టాలి. అప్పుడే నోరు పెగులుతుంది.

ఉన్నట్టుండి ఆ పిల్ల బ్యాగులోంచి ఫోను తీసి చూసుకుని కంగారుపడింది. గదిలో సిగ్నలు సరిగా లేదు కాబోలు, లేచి తలుపు వైపు నడిచింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరక్కుండానే ఏదో అన్నది. మేస్త్రీకి కనిపించింది ఆ పిల్ల జడ మాత్రమే. ఏమందో ఆయన తిరిగి చెప్పలేదు. తిరిగి చెప్పించుకోకుండానే ఆ పిల్ల డాబా మీదికి వెళ్ళిపోయింది.

తెరిచిన తలుపులోంచి కనిపిస్తూనే ఉంది. చెవికి ఫోను పెట్టుకుని నిటారుగా నిలబడింది, వాళ్ళ టీచరు అయివుంటుంది. రెండో చెయ్యి గాలిలో చక్రం తిప్పుతోంది. తను నేర్చుకున్నదంతా చెబుతోంది కాబోలు. మేస్త్రీకి ముచ్చటేసింది.

కంతలోంచి గొణుగుడు వచ్చింది.

ఆయన డాబా వైపు చూశాడు. పిల్ల ఇంకా మాట్లాడుతోంది. పిలుద్దామనుకున్నాడు. ఒక్క మాట కోసం పిల్లని పిలవాలా? ఇప్పటిదాకా ఎవరు పిలిచారు? అల్లుడు పట్టాకి నూనె పెట్టడం అయింది. నూనె పెట్టాక ఎప్పుడూ పైకే అడుగుతాడు. వరస అదే. తను నేర్పిన వరసే.

"పైకి!" అని గట్టిగా తిరిగి చెప్పి, బటను నొక్కాడు.

ఇంకో చెయ్యి అలవాటుగా మోటారు మీదే ఉంది. వణుకు మామూలుగానే మొదలైంది. తర్వాత ఒక్కసారి మోటారు మూలిగినట్టు బరువెక్కింది. తాళ్ళు చక్రం మీద జర్రున జారాయి. ఆయన ఎర్ర బటను కొట్టాడు.

అంతా ఆగిపోయింది. అరచేతి కింద మోటారు వేడిగా, కదలకుండా ఉంది.

"అల్లుడూ" అన్నాడు కంతలోకి వంగి. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఆయనకు కొత్త కాదు. జవాబు వచ్చిందేమో, రాలేదేమో, ఆ రెండింటికీ ఆయన చెవిలో తేడా లేదు. "ఒరేయ్! ఒరేయ్, పలకరా!"

పిల్ల గదిలోకి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల అరిచిన మాట ఆయనకు స్పష్టంగా వినిపించింది. "ఆపు!"

"ఆపు" అని మేస్త్రీ తిరిగి చెప్పాడు. ఎప్పుడో నొక్కేసిన ఎర్ర బటనునే మళ్ళీ నొక్కాడు.

"ఆపే ఉంచు అన్నాడు అంకుల్! గోడ వైపు వంగుతున్నా, కదపొద్దు అన్నాడు! డాబా మీదికి కూడా వినపడింది! మీకు చెప్పాను కదా, నేను వచ్చేదాకా ఏమీ చెయ్యొద్దని చెప్పాను కదా!"

మేస్త్రీ ఆ పిల్ల భుజాలు పట్టుకుని కంత దగ్గర కూర్చోబెట్టాడు. 

"విను తల్లీ. నువ్వు బాగా వింటావు. ఏమంటున్నాడో విను."

ఆ పిల్ల నేలకు చెవి ఆనించింది. పొద్దున పట్టా చప్పుడు విన్నప్పటిలాగే ఊపిరి బిగబట్టింది. కళ్ళు మూసుకుంది. ఆయన ఆ ముఖంలోకే చూస్తూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.  చివరికి ఆ పిల్ల కళ్ళు తెరిచి, అంత గొంతున్న పిల్లా, వినీ వినిపించనట్టు పెదవులు కదిపింది.

"ఏమీ అనడం లేదు అంకుల్."

"ఏమీ అనడం లేదు" అని ఆయన తిరిగి చెప్పాడు.

ఆ తర్వాత చాలామంది వచ్చారు. ఫైరింజనువాళ్ళు తలుపు కోసి, తెల్ల గుడ్డ కప్పిన స్ట్రెచరు మెట్ల మీదుగా దించారు. మోకాళ్ళావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జరిగి దారి ఇచ్చింది. యజమాని వచ్చి మేస్త్రీ ఎదురుగా నిలబడి చాలా మాట్లాడాడు. మేస్త్రీ అతని ముఖంలోకి చూడలేదు. అందుకని ఒక్క మాటా అందలేదు. తను రోజూ వాయిదా వేసినదంతా ఇప్పుడు కూతురికి చెప్పాలి. ఆ పిచ్చితల్లి ముఖం ఎలా చూడాలి? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జనం పలచబడ్డాక పై అంతస్తు మెట్ల మీద ఆయనా స్కూలు పిల్లా మిగిలారు. వాళ్ళమ్మ దారిలో ఉందట. ట్యూబులైటు ఆరింది, వెలిగింది.

అప్పుడు ఫోను మోగింది. లిఫ్టు పైకెక్కే మనిషి జేబులన్నీ ఖాళీ చేసి వెళ్ళాలి కదా, అల్లుడు తన ఫోనుని వాళ్ళ వెనక ఉన్న కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళాడు. పిల్ల తలెత్తి చూసింది. తెర మీద నవ్వుతున్న ఆడమనిషి ముఖం, మేస్త్రీ కళ్ళే, మేస్త్రీ ముక్కే. మేస్త్రీ అటు వీపు పెట్టుకుని చేతుల మీది గ్రీజు చూసుకుంటున్నాడు. ఆ పిల్ల ఆయన కుడి చెవి వైపు వంగింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

గట్టు మీద ఫోను మోగుతూ, మోగినప్పుడల్లా కాస్త జరుగుతూ, ఎవరో ఒకరు ఎత్తేదాకా ఊరుకునేట్టు లేదు.