ఉరుకుందు పేరు మీద

ఆదోని ప్రెస్సులో ఉరుకుందు అప్పటికే ఆగస్టు పేజీకి వచ్చాడు. మణికట్టు కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, ముక్కు తెరకు ఆనేంతగా వంగి, కొత్త క్యాలెండరు గడుల్లో తిథులు సరిచూస్తున్నాడు. కోసిగి నుంచి ప్యాసింజర్లో నిలబడి వచ్చిన కాళ్లు ఇంకా లాగుతున్నాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మొదట సీసపు అక్షరాలతో, ఇప్పుడు మౌసుతో. ఊళ్లో ఏ కొట్టు గోడ చూసినా అతను కూర్చిన తిథులే. పేరు మాత్రం ఎక్కడా లేదు.

నిరుడు యజమాని నాగసుబ్బయ్య కొడుకు కిరణ్‌కుమార్ ఫైళ్లకొక పద్ధతి తెచ్చాడు. ఏ ఫైలు ఎవరు ఎప్పుడు మార్చారో పేరుతో సహా నిలిచిపోతుంది. రాతలైతే ఇద్దరు మార్చినా కలపొచ్చట. బొమ్మల ఫైళ్లు అలా కలవవు గనక ఒకరు లాక్ వేసుకుంటే మిగతావాళ్లు ఆగాలి. తన పేరు వరసగా కనబడుతుంటే ఉరుకుందు మురిసిపోయాడు, పిచ్చిమనిషి! కుర్చీలోంచి లేచేటప్పుడు మాత్రం తన పేరుతో తెరిచిన సిస్టం మూసేవాడు కాదు. ఇంటి మనుషుల మధ్య తాళాలేమిటని మొహమాటం.

పదకొండింటికి నాగసుబ్బయ్య పిలిచాడు. బల్ల మీద నూనె కొట్టువాళ్ల క్యాలెండరు. కొట్టు బొమ్మ పెద్దదైంది; శ్రావణమాసం తిథులన్నీ ఒక గడి వెనక్కి జరిగాయి. వరలక్ష్మీ వ్రతం గురువారానికొచ్చి కూర్చుంది. పదివేలు అచ్చేసి ఊరంతా పంచాక చూసుకున్నారు.

కిరణ్ తెర తిప్పాడు. "రికార్డులో నీ పేరే ఉండాది ఉరుకుందన్నా. మంగళవారం, మద్యాన్నం రెండుంబావు."

ఉరుకుందుకు ప్రాణం లేచొచ్చింది. "మంగళారం నేను మంత్రాలయంలో ఉంటి గదా సెట్టిగారూ! సత్రమోళ్లకు నమూనా చూపీమని బస్సెక్కిచ్చింది మీరే!"

కిరణ్ తల వంచుకున్నాడు. ఆ రోజు తన కుర్చీలో కూర్చుని బొమ్మ పెంచిందెవరో ఉరుకుందుకు అప్పుడర్థమైంది. చిన్నప్పుడు తాను సైకిలు మీద బడికి దింపిన పిల్లవాడే. నాగసుబ్బయ్య తన కొడుకును చూశాడు, తర్వాత గోడను చూశాడు.

"మిషనుకు అబద్ధమాడే పనేముండాదప్పా? నూనె కొట్టాయన నిన్ను ఈడ ఉంచొద్దంటాండాడు" అన్నాడు.

నింద మోపినందుకు కాదు, తెలిసీ మోపినందుకు ఉరుకుందుకు ఏడుపొచ్చింది. వాళ్ల ముందు ఏడవలేదు. తిరిగొచ్చి, ఆగస్టు చివరి గడి వరకూ సరిచూసి, తర్వాతివాళ్లు పని చేసుకునేందుకు లాక్ తీసేశాడు. మధ్యాహ్నం బండికి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు.

సాయంత్రం ఊడ్వడానికొచ్చిన వెంకటేశ్వరమ్మ బల్ల కిందికి వంగింది. ఉరుకుందు భార్య నాగలత పొద్దున కట్టిన గుడ్డ ముడి వీడకుండానే, అన్నం క్యారియర్ అక్కడ ఉండిపోయింది.