లావు గింజకి స్టీలు బిందె

మా విత్తన సంఘానికి బోర్డుంది, రబ్బరు స్టాంపుంది, గోడలకి పచ్చ రంగుంది. లేనిదల్లా బుద్ధి. ఆ ముక్క నేనంటే అందరికీ ఒళ్ళు మండుతుంది. మండనీ. వాళ్ళకి సంచులు కుట్టేది నేను, నా మిషను ఉండేది పక్క గదిలోనే. వాళ్ళ ఘనకార్యాలు వద్దన్నా చెవిన పడతాయి.

సంఘం పని వినడానికి బాగానే ఉంటుంది. మాయమైపోతున్న పాత పంటల విత్తనం దాచాలి, మందులు కొట్టకుండా పండించాలి, అడిగినవాళ్ళకి ఇవ్వాలి. సోలెడు తీసుకున్నవాళ్ళు పంట చేతికొచ్చాక రెండు సోలలు తిరిగివ్వాలి. ఇంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు. కానీ మా అధ్యక్షుడున్నాడే, మైకు చేతికిస్తే వదలడని అందరూ మైకు బాబాయ్ అంటారు, ఆయనకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. తిరిగిచ్చిన గింజల్లో ఎవరివి లావుగా, నిగనిగలాడుతూ ఉంటే వాళ్ళకి ఏటా సభలో ఒక స్టీలు బిందె.

ఇక చూడాలి ఆ పోటీ! బిందె మీద ఆశ కాదు, నలుగురిలో చిన్నబోతామన్న భయం. తన గింజ పక్కింటివాళ్ళ గింజకన్నా సన్నంగా ఉంటే తల కొట్టేసినట్టే. కొందరు పండినవాటిలో లావువి ఏరి తెచ్చారు. ఇంకొందరు చిన్న గింజలు ఇంట్లో వండుకుని తిని, బజార్లో బలిసినవి కొని తెచ్చి పోశారు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరూ చప్పట్లు కూడా కొట్టారు.

చివరికి అది వచ్చి మా అక్క నెత్తిన పడింది.

అక్కది మెట్ట చేను. రాళ్ళు, గరుకు మన్ను. అక్కడ నిలిచేది చిట్టి అలసంద ఒక్కటే. గింజ సన్నం, మురికి రంగు, కానీ ఒక్క వాన పడితే చాలు, పాకేస్తుంది. సంఘం పెట్టినప్పుడు ఆ విత్తనం ఇచ్చింది అక్కే. నిరుడు బావ కాలు విరిగి చేను బీడు పడింది. ఇంట్లో ఉంచుకున్న విత్తనం పురుగు పట్టి పిండైపోయింది. విసిగిపోయిన బావ, ఈ వానకి మొలక కనబడకపోతే చేను ఇటుక బట్టీవాడికి ఇచ్చేస్తానన్నాడు. వాడు అడుగునున్న బంకమట్టి కోసం తవ్వుకుపోతే ఇక మిగిలేది గొయ్యి.

వాన పడింది. అక్క నన్ను వెంటబెట్టుకుని సంఘం గదికి పరుగెత్తింది. బాబాయ్ డబ్బా మూత తీసి ఆమె దోసిట్లో పోశాడు. తెల్లటి, లావాటి గింజలు.

"ఇవేంటి బాబాయ్?" అంది అక్క.

"చిట్టి అలసందలే. డబ్బా మీద రాసుంది కదమ్మా."

"రాస్తే అయిపోతాయా? నేనిచ్చినవి ఇందులో సగం కూడా ఉండవు."

"అదే మరి మన సంఘం గొప్పతనం! ఏటేటా బాగుచేసుకుంటూ వచ్చాం."

అక్క దోసిట్లోవి తిరిగి డబ్బాలో పోసేసింది. నాకిక నోరాగలేదు. "కంచే చేను మేసినట్టుంది బాబాయ్ మీ నిర్వాకం! దాచమని ఇస్తే ఉన్నది కాస్తా ఊడ్చేశారు" అన్నాను.

"అరవకే. సన్నవెక్కడికీ పోలేదు. జల్లెడ పట్టినప్పుడు కింద పడ్డ తాలంతా మీ పిన్ని పట్టుకెళ్తుంది."

"ఎందుకు?"

ఆయన గోడకేసి చూశాడు. "కోళ్ళకి" అన్నాడు.

ఆహా! మా జీవవైవిధ్యం అంతా బాబాయ్ కోళ్ళ కడుపులోకి చేరుతోందన్నమాట. ఇద్దరం వాళ్ళ పెరట్లోకి వెళ్ళేసరికి పిన్ని సంచి దులుపుతోంది.

"అయ్యో, ఇప్పుడే చల్లేశానే తల్లీ! ఇవి విత్తనాలని నాతో ఎవరు చెప్పారు?" అంది. పాపం, ఆమెనేమనగలం?

అక్క నేలమీద కూలబడి, కోళ్ళని అదిలిస్తూ, రెట్టలోంచి ఒక్కో గింజా ఏరింది. ఏడుస్తూనే ఏరింది. నేనూ ఏరాను. అన్నీ కలిపితే రెండు గుప్పెళ్ళు కాలేదు. ఇంతలో బాబాయ్ ఫోను పట్టుకుని వచ్చాడు.

"అలాగే ఉండమ్మా, ఒక్క ఫొటో. విత్తనాన్ని కాపాడిన మహిళ అని పెడదాం."

"కోళ్ళని కూడా నిలబెట్టు బాబాయ్. అవీ సభ్యులేగా, బాగానే తిన్నాయి" అన్నాను. సిగ్గులేని మనిషి, నిజంగానే తీసుకున్నాడు.

చేను దగ్గరికి వెళ్ళేసరికి, విత్తనం లేదన్న కబురు ముందే చేరినట్టుంది, బట్టీవాడు అప్పటికే కొలతల టేపు పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే కర్ర ఆనించుకుని బావ.

"గట్టు పక్కన వెయ్యవే అక్కా, అక్కడ తడి ఉంటుంది" అన్నాను మెల్లిగా.

"గట్టు పక్కన వేస్తే నడుమంతా తవ్వుకుంటారు" అంది. తిన్నగా చేను నడిబొడ్డుకి వెళ్ళి, వేలితో గుంట చేసి ఒక్కో గింజా వేసింది.

"ఇంత చేలో ఆ నాలుగు మొక్కలు దేనికే? పిచ్చిగానీ పట్టిందా?" అని బావ కేకేశాడు.

అక్క చేతులు దులుపుకోకుండానే లేచింది. "తవ్వేవాణ్ణి రమ్మను. ముందు వీటిని తొక్కాలి, వీటికన్నా ముందు నన్ను తొక్కాలి" అంది.

బట్టీవాడు బావ మొహం చూశాడు. బావ కాసేపు కర్రతో నేల గీరి, "ఈ ఏటికి వద్దులే, వెళ్ళు" అన్నాడు.