నజీరా మీద చెప్పిన సాక్ష్యం

ముకద్దం నజీరా చేతిలోని డబ్బా గుంజుకున్నాడు. క్వారీలో ఉన్న ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ చూశారు. చూడలేదని తర్వాత చెప్పినవాళ్లు కూడా చూశారు.

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి పోయే దారి పక్కన ఆ రాళ్ల క్వారీ. బొంబాయి రోడ్డు వెడల్పు చేయడానికి కంకర అక్కడి నుంచే పోతుంది. బండకు తూట్లు పొడిచి, మందు కూరి, వత్తి అంటించే ముందు కిరసనాయిలు డబ్బా మీద కట్టెతో దబదబా కొట్టాలి. ఆ చప్పుడు వినగానే గుంతలో ఉన్నవాళ్లు తట్టలు పారేసి పైకి పరుగెత్తాలి. రోడ్డు మీద లారీలు ఆగాలి. ఆ డబ్బా కొట్టే పని నజీరాది. ఇరవై దాటిన మనిషే గానీ బుద్ధి చిన్నపిల్లల దగ్గరే ఆగిపోయింది. మాట నెమ్మది, నడక నెమ్మది. పిలిచిన ప్రతివాళ్లకూ నవ్వే జవాబు. డబ్బా పట్టుకుంటే మాత్రం గుంతలో ఒక్కరు మిగిలినా ఆపేది కాదు.

ఆ రోజు రోడ్డు చూడ్డానికి పెద్ద ఇంజనీరు వస్తున్నాడు. ఆయన వచ్చేలోపల బండ పగిలి ఉండాలని కాంట్రాక్టరు హుకుం. డబ్బా మోగితే లారీలు ఆగుతాయి, పని ఆగుతుంది, అందరూ ఎక్కి దిగేసరికి పొద్దు పోతుంది. అందుకని కూలీల మీద పెత్తనం చేసే ముకద్దం డబ్బా గుంజి అవతల పారేశాడు.

"గమ్మునుండే పిస్సదానా! ఇయ్యాల డబ్బా లేదు. గుంతల ఎవ్వరు లేరు."

"మల్లమ్మున్నది" అంది నజీరా, గుంత మూలకు వేలు చూపిస్తూ. "మల్లమ్మున్నది, మల్లమ్మున్నది."

ముకద్దం ఆమెను రెక్క పట్టి నెట్టేసి, వత్తి అంటించేవాడికి చెయ్యి ఊపాడు. పదడుగుల దూరంలో తట్ట నెత్తిన పెట్టుకుని సుకుమారి నిలబడి ఉంది. ఆ మాట ఆమెకు వినబడింది. పెద్దవాళ్లు చూసుకుంటారులే అనుకుంది. అంతలోనే బండ పేలింది. మల్లమ్మను గుంతలోంచి గోనెసంచిలో ఎత్తుకుని పైకి తెచ్చారు.

కాంట్రాక్టరంటే ఎవరో కాదు, పాత దొరే. రోజులు మారాయి, దొరతనం పోయిందని కాగితాల మీద రాశారు. గడీలో వేసుకునే కుర్చీని ఆయన క్వారీలో వేసుకున్నాడు, అంతే తేడా. పోలీసు అమీను రాకముందే కూలీలను పిలిచి కూర్చోబెట్టాడు.

"ముకద్దం పేరు చెప్పిన్రంటె క్వారీకి తాళం పడ్తది. మీరెక్కడ పోతరో పోన్రి, నాకేం పోయింది? నజీరా మరిచిపోయిందంటె ఎవ్వలకు నష్టం లేదు. పిస్సదానికి జైలుంటదా, ఉరుంటదా? పట్నంల పిచ్చి దవాఖానల ఏస్తరు. సర్కారు బువ్వ తింట సుఖంగుంటది."

వినడానికి ఎంత దయగా ఉందో చూడండి! ఆ దయ అందరికీ నచ్చింది.

సుకుమారి మిషన్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఆడకూలీలందరికీ నోరు ఆమే. కంకర కొలతలో మోసం జరిగితే నిలదీసేది ఆమే. అందుకే అమీను ముందు మొదట ఆమెనే నిలబెట్టారు.

"డబ్బా ఎవరు కొట్టాలె?"

"నజీరా, సార్."

"కొట్టిందా?"

"కొట్టలే."

"ఎందుకు కొట్టలే?"

సుకుమారి పక్కకు చూసింది. కుర్చీలో కాంట్రాక్టరు చుట్ట కాలుస్తున్నాడు.

"దానికి తెలివి లేదు సార్. మరిచిపోయింది."

ఆమె వెనక ఆగమ్మ అదే చెప్పింది. ఆగమ్మ వెనక రాధమ్మ. తర్వాత మిగతా ఆడవాళ్లు, మగవాళ్లు. సుకుమారి సంతకం పెట్టింది, మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు వేలు సిరాలో ముంచి కాగితానికి అద్దారు. భయపడి చెప్పామని తర్వాత అందరూ ఒకరికొకరు నచ్చజెప్పుకున్నారు. భయం ఉన్నమాట నిజమే. కానీ ఒక్క భయమే అయితే నోరు అంత సులువుగా తిరిగేది కాదు. దానికేం తెలుసు, దానికేం నొప్పి అనే మాట ప్రతివాళ్ల కడుపులోనూ ముందు నుంచే ఉంది. దొర దాన్ని బయటికి పిలిచాడు, అది వచ్చింది.

నజీరా అక్కడే నిలబడి ఉంది. ఆమెను పక్కకు తీసుకుపోవాలని ఎవరికీ తోచలేదు. రాయి ముందు, చెట్టు ముందు మాట్లాడినట్టు ఆమె ముందే ఆమె మీద సాక్ష్యం చెప్పారు. అంతా అయ్యాక వచ్చి సుకుమారి కొంగు పట్టుకుంది.

"అక్కా, మల్లమ్మను నేను సంపిన్నా?"

సుకుమారి కొంగు విడిపించుకుని తల తిప్పుకుంది.

ఆ రోజు నుంచి నజీరా తిండి మానేసింది. గోడ వైపు తిరిగి కూర్చునేది. డబ్బా కొట్టే కుడిచేతిని గోళ్లతో గీరి గీరి పుండు చేసుకుంది. "నేనే, నేనే" అంటూ గోడకు తల బాదుకునేది. తల్లి అక్తరీ బేగం కూడా అదే క్వారీలో రాళ్లు కొట్టే ముసలమ్మ. ఆమె సుకుమారి గుడిసె ముందుకొచ్చి నిలబడింది.

"జెర ఒక్కపారి వచ్చి చెప్పు బేటీ, మల్లమ్మను నువ్వు సంపలేదని. నీ మాటంటే దానికి ప్రాణం."

"రేపొస్త ఖాలా" అంది సుకుమారి.

ఆ రేపు రాలేదు. ముసలమ్మ ఎదురు రావడం చూస్తే సుకుమారి పక్కదారి పట్టేది. ఇంతలో పోలీసులు వచ్చి, పిచ్చి ముదిరిందనీ మనుషులకు ప్రమాదమనీ చెప్పి నజీరాను తాలూకా జైలుకు తీసుకుపోయారు. చూశారా, మేం చెప్పింది నిజమే కదా, పిచ్చిదే కదా అన్నారు కొందరు. అన్నవాళ్లు కూడా ఒకరి కళ్లలోకి ఒకరు చూడలేకపోయారు.

పని లేని రోజున ముర్తుజా మీటింగు పెట్టాడు. సంగారెడ్డిలో దర్జీ పని చేస్తూ కూలీ సంఘం నడిపే మనిషి. పోరాటం రోజుల్లో జైలు కూడు తిన్నవాడు. రాళ్ల కుప్పల మధ్య నిలబడి గట్టిగా మాట్లాడాడు.

"మల్లమ్మ సచ్చిపోలే, మల్లమ్మను సంపిన్రు! ముకద్దం మీద, వాని మాలిక్ మీద కేసు పెట్టాలె. మజ్దూర్ల ప్రాణమంటే వీళ్లకు కంకర లెక్క!"

చప్పట్లు కొట్టారు. అప్పుడే జైల్లో బిడ్డను చూసి తిరిగొచ్చిన అక్తరీ బేగం జనంలోంచి ముందుకొచ్చింది.

"మరి నా నజీరా?"

"అమ్మా, అది తర్వాత మాట్లాడుదాం" అన్నాడు ముర్తుజా. "ముందు మజ్దూర్ల మస్‌లా, మల్లమ్మ కేసు తేలనియ్యి."

"నా బిడ్డ మజ్దూర్ గాదా?" అడిగింది ముసలమ్మ. "డబ్బా కొట్టి మీ అందర్ని గుంతలకెల్లి ఎల్లదోలింది నా బిడ్డ గాదా? అందర్ని లెక్కకు తీస్కుంటివి, దాన్నెందుకు తీస్కోవు?"

ముర్తుజా మెల్లగా ఒక రాయి మీద కూర్చున్నాడు. "గలతీ అయింది అమ్మా. చెప్పు" అన్నాడు.

ముసలమ్మ చెప్పింది. నజీరా కాలికి గొలుసు వేశారట. డాక్టరు తలుపు దగ్గర నిలబడే చూసి, పుట్టుపిచ్చి, దీనికి మందేముంటదని రాసుకుని పోయాడట.

"నేను ఎంటపడి అడిగిన. సాబ్, నా బిడ్డకు అకల్ తక్కువ, అది పుట్టుకతోని. గానీ నవ్వుతుండె, తింటుండె, పాటలు పాడుతుండె. ఈ తల కొట్టుకునుడు పుట్టుకతోని రాలే, ఇది కొత్త బీమారీ అన్న. అకల్ తక్కువోళ్లకు దిల్ ఉండదా సాబ్, అది ఇరగదా అన్న. నవ్వుకుంట పోయిండు. ఇగ దాన్ని పట్నం దవాఖానకు తోల్తరట. అక్కడ మందియ్యరట, ఊకె లోపలేసి ఉంచుతరట. మల్ల ఇంటికి రాదట."

ఆగమ్మ లేచింది.

"నీ దుఃఖం మాకెర్కలేదా ఖాలా? గానీ ఇప్పుడు సాక్ష్యం తిప్పితె మమ్ముల లోపలేస్తరు. నా పిల్లలకు గంజి ఎవలు పోస్తరు?"

"క్వారీ బందైతది" అన్నాడు ఇంకొకడు. "అందరం రోడ్డున పడ్తం."

"ఒక్క దాని కోసం ఇంతమందా?" అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

సుకుమారి అప్పటిదాకా నేలకేసి చూస్తోంది. ఆ గొణుగుడు విన్నాక లేచి నిలబడింది.

"అది చెప్పింది" అంది.

"ఏం చెప్పింది?"

"మల్లమ్మున్నదని చెప్పింది. వేలు పెట్టి చూపింది. నేనిన్న. ఆగమ్మా, నువ్వు నా పక్కనే ఉన్నవ్, నువ్వినలేదా? ఇంతమందిల అకల్ ఉన్నోళ్లం ఒక్కలం నోరు దెరవలే. తెరిచింది అదొక్కతే. దాన్నే పట్టిచ్చినం. దానికి నొప్పుండదనుకున్నం. నా మాటతోని అది తిండి మానేసింది. నేనింట్ల కూసోని తింటున్న."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదేమో, అందరూ ఓదార్చేవాళ్లు. ఓదార్చే వీలు లేకుండా నిలబడింది. ఆగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. "ఇన్న" అంది సన్నగా. "నేను గూడ ఇన్న." తర్వాత రాధమ్మ అంది. మగవాళ్లలో వత్తి అంటించినవాడు అన్నాడు. సిగ్గుతో తలలు వంచుకునే ఒక్కొక్కరూ ఒప్పుకున్నారు. మర్నాడు పనిలోకి పోకూడదని తీర్మానం చేయాల్సిన పని కూడా లేకపోయింది.

పొద్దున్నే అందరూ కచ్చేరికి నడిచారు. దారిలో పక్క క్వారీల వాళ్లు ఏంది సంగతని అడిగారు. "మేం అబద్ధం చెప్పినం, తిప్పనీకి పోతున్నం" అని చెప్పడం ఎంత కష్టమో! కూలి పెంచమని అడగడానికి గొంతు లేస్తుంది, ఈ మాటకు లేవదు. అయినా అడిగిన ప్రతివాళ్లకూ చెప్పారు. విన్నవాళ్లలో సగం మంది వెంట నడిచారు.

మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి చూశాడు.

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నది అబద్ధమా?"

"అప్పుడు చెప్పింది" అంది సుకుమారి. "ముకద్దం డబ్బా గుంజుకున్నడు. నజీరా మల్లమ్మున్నదని చెప్పింది. కాంట్రాక్టరు మాతోని అబద్ధం చెప్పిచ్చిండు. మేం చెప్పినం."

"అబద్ధపు సాక్ష్యానికి శిక్ష ఉంటుందని తెలుసా?"

"తెల్సు సార్, ఏయున్రి. గానీ నజీరాకు బీమారీ ఉన్నది. పిస్సదని పక్కకు నెట్టొద్దు. మంచి డాక్టరుతోని చూపియ్యున్రి."

"పిచ్చివాళ్ల తరఫున వకీళ్లు బాగానే తయారయ్యారు" అని కాంట్రాక్టరు వకీలు నవ్వాడు. కచ్చేరిలో ఇంకెవరూ నవ్వలేదు. మొదట సాక్ష్యం చెప్పిన సుకుమారినీ ఆగమ్మనీ రాధమ్మనీ అక్కడే పట్టుకున్నారు. ముకద్దాన్ని పిలిపిస్తామన్నారు. పిలిపించలేదు.

జైల్లో ఆడవాళ్లకు ఉన్నది ఒక్కటే గది. తలుపు తీసి లోపలికి తోశారు. మూలన గోడవైపు తిరిగి నజీరా కూర్చుని ఉంది. జుట్టు కత్తిరించేశారు. మెడ ఎముకలు తేలాయి.

సుకుమారి వెళ్లి ఆమె వెనక కూర్చుంది.

"నజీరా, నేను. నువ్వు మల్లమ్మను సంపలే. నువ్వు చెప్పినవ్, మేం ఇనలే. నేను అమీన్ సాబ్‌కు అబద్ధం చెప్పిన."

నజీరా తల తిప్పలేదు. లోపలెక్కడో వెతుక్కుని వెతుక్కుని మాట పట్టుకొచ్చింది.

"సుకుమారక్క అబద్ధం చెప్పదు."

సుకుమారికి తల కొట్టేసినట్టయింది. ఆగమ్మ చెప్పింది, రాధమ్మ చెప్పింది. నజీరా రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆగమ్మ తన వంతు సంగటి ముద్ద చేసి నోటి దాకా తెచ్చింది. పెదవులు విడలేదు. ఒక మాటతో విరిచినదాన్ని ఇంకో మాటతో అతికించలేమని వాళ్లకు అక్కడ తెలిసింది. దీనికి చికిత్స కావాలి, రోజులు కావాలి, పక్కన కూర్చునే మనుషులు కావాలి.

బయట క్వారీలు ఒకటొకటిగా ఆగిపోయాయి. కంకర లేక రోడ్డు పని నిలిచింది. ఈ ఆడవాళ్లను లోపల ఉంచితే ఇంకెన్ని ఆగుతాయోనని కాంట్రాక్టరే పైవాళ్ల చుట్టూ తిరిగాడు. ఒక సాయంత్రం జైలరు వచ్చి తలుపు బార్లా తీశాడు.

"జమానతు మీద ఇడిసిన్రు. లేవున్రి, పోన్రి."

ఎవరూ లేవలేదు.

"నజీరాను?" అడిగింది సుకుమారి.

"దాని సంగతి మీకెందుకు? రేపు పిచ్చి దవాఖాన బండొస్తది. ఎక్కిస్తం."

"అయితె మేం పోం. దాని కాలి గొలుసు తియ్యున్రి. పుట్టుపిచ్చని తలుపుకాడికెల్లి రాసిపోయే డాక్టరొద్దు, పక్కన కూసోని అడిగే డాక్టరు గావాలె. దవాఖానల తల్లి ఎంటుండాలె. నయమైనంక ఇంటికి తోలాలె. ఇది రాసియ్యాలె."

"తమాషా చేస్తున్రా? బయట పిల్లలు ఏడుస్తలేరా మీకు?"

ఆ మాటకు ఆగమ్మ లేచింది. పోతుందని జైలరు పక్కకు జరిగాడు. మీటింగులో పిల్లల గంజి మాట ఎత్తింది ఆమే కదా. ఆగమ్మ గడప దాకా వెళ్లింది, కమ్మీలు రెండు చేతులతో పట్టుకుంది, తలుపును తనవైపు గుంజి ధడాలున మూసింది.

"తాళమేస్కోన్రి" అంది. "ఇంతమంది కండ్ల ముంగట దాన్ని అమ్ముకున్నోళ్లం. మా ఎంట అదొస్తేనే మేమొస్తం."

వాళ్లను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చి గేటు అవతల నిలబడ్డ క్వారీల జనం ఈ మాట విని, నజీరా పేరు పెట్టి కేకలు వేయడం మొదలుపెట్టారు. జైలరు తాళంచెవి చేతిలో పట్టుకుని, వేయాలో తీయాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.