ఈశాన్యం మూల

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది వానలు ముఖం చాటేశాయి. ఎల్లారెడ్డి ఊరి దాపున రాజయ్య వరి పొట్టకొచ్చి ఎండుతోంది. పొలంలో ఈశాన్యం మూల ఉన్న ఒక్క బోరు ఆగాగి పోస్తోంది. దాని చుట్టూ వేసినవన్నీ దుమ్ము లేపి ఊరుకున్నాయి. ఎడ్లను అమ్మి ఆఖరిది వేయిస్తున్నాడని తెలిసి, కామారెడ్డిలో ఎమ్మెస్సీ లెక్కలు చదివే కూతురు ఆశ్రిత బస్సెక్కి వచ్చింది.

ఆ వారమే ల్యాబులో ఆమె ప్రోగ్రాం ఒకటి తిప్పలు పెట్టింది. ఎత్తుపల్లాల నేలమీద అన్నిటికన్నా లోతైన గుంటను అది వెతకాలి. ఎన్నిసార్లు నడిపినా ఒకే చిన్న గుంట దగ్గర ఆగేది. లెక్కలో తప్పులేదమ్మా, మొదలుపెట్టే చుక్కలన్నీ ఒక్క మూలనే పోశావు, నేలంతా చల్లు అన్నాడు సారు. అలా చల్లితే, ఎక్కడో అవతలి అంచున లోతు దొరికింది. ఆమెకు వెంటనే తమ పొలం గుర్తొచ్చింది.

నీళ్లు చూసే బాలనర్సయ్య ప్రతిసారీ ఈశాన్యం మూల దండం పెట్టి, అరచేతిలో కొబ్బరికాయతో అక్కణ్నుంచే నడుస్తాడు. కాయ లేచి నిలబడ్డ మొదటి చోటే బోరుకు గుర్తుగా ముగ్గు పోస్తాడు.

"బాపూ, ఈసారి నైరుతికెల్లి నడువుమను."

"నైరుతిల బోరేస్తె ఇంటాయనకు అచ్చిరాదంటరు బిడ్డా."

"ఏయమంటలేను. నడువుమంటున్న."

బాలనర్సయ్య నవ్వాడు. "కామారెడ్డిల గిదేనా సదువు? నా కాయకు గూడ ఓ సీటు ఇప్పియ్యరాదే."

కూతురి ముఖం చూసి రాజయ్య సరేనన్నాడు.

తెల్లారి బాలనర్సయ్య నైరుతిలోనే మొదలుపెట్టాడు. పొలం నడిమిట్లో కాయ కొంచెం లేచింది. ఆయన దాన్ని బొటనవేలితో అణిచి ముందుకే పోయాడు. చూసింది ఆశ్రిత ఒక్కతే. చివరికి పాత బోరు పక్కన కాయ నిటారుగా నిలబడింది.

"చూసినవా బిడ్డా, యాడికెల్లి నడిచినా గంగమ్మ గీడనే ఉన్నది," అన్నాడు రాజయ్య. ఎన్నాళ్లకో ఆయన ముఖం విప్పారింది. నడిమిట్ల లేచింది బాపూ అనబోయింది ఆశ్రిత. కానీ అక్కడ నీళ్లున్నాయని తనకు మాత్రం ఏం తెలుసు? ఆఖరి బోరు. ఆమె ముగ్గు గిన్నె తెచ్చి బాలనర్సయ్యకు అందించింది.

బోరు లారీ పొద్దు వాలేదాకా తెల్లటి దుమ్ము పోసి వెళ్లిపోయింది. రాజయ్య కనుబొమల మీది దుమ్ము తుడుచుకోలేదు.

"నీ మాట గూడ విన్న గద బిడ్డా. అన్ని దిక్కులు చూసినం. మన భూమిల నీళ్లు లెవ్వు."

అని, పొలం చుట్టూ ఉన్న ముళ్లకంప పక్కకు లాగి, గట్టవతల మేస్తున్న మేకలను వరిలోకి పిలిచాడు.