బరువెక్కిన లెక్కల ఫైలు

ఆ పొద్దున ఇంటి లెక్కల ఫైలు తెరుచుకోలేదు. తెర మీద చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. కంప్యూటర్లో చోటు నిండిపోయిందన్న మాట ఒకటి వచ్చి కూర్చుంది. భారతమ్మ ఆ మాటను కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

నగరిలోని ఆ ఇంట్లో ముందుగదిలో మరమగ్గాలు, వెనకగదిలో కంప్యూటరు. ఇంటి రాబడీ ఖర్చూ రాసుకునే సాఫ్ట్‌వేరును అందులో పెట్టింది ఆమె భర్త యోగానంద. ఆయన పోయాక ఆ పని భారతమ్మ చేతికి వచ్చింది. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్న మనిషి, రాసే పని దొరికితే ఊరుకుంటుందా? ‘కూరగాయలు’ అని రాసి వదిలేసేది కాదు. వంకాయల్లో పుచ్చులున్నాయనీ, అమ్మిన ముసలామె మనవరాలికి జ్వరమనీ కూడా రాసేది.

కొడుకు మునిప్రసాద్ పని ఆపి వచ్చి తెర చూశాడు.

“కతలు రాసి రాసి దీన్ని ఉబ్బిచ్చేసినావు మా. రేపట్నించి నేను రాస్తాలే,” అని మళ్లీ మగ్గం దగ్గరికి పోయాడు.

భారతమ్మకు ప్రాణం ఉసూరుమంది. రాయడం మానేస్తే వచ్చిన నాలుగక్షరాలూ చిలుము పట్టిపోతాయి. అయినా లోపల ఒక సందేహం పురుగులా తొలిచింది. మాటకు నిజంగా బరువుంటుందా?

కోడలు హేమశ్రీని పిలిచింది. “నా రాత ఎంత బరువుండాదో తూసి సూపిస్తావా మే?”

హేమశ్రీకి నవ్వొచ్చింది కానీ, తనకూ చూడాలనిపించింది. ముందు ఎవరూ చూడని పాత సినిమాలు తీసేసి చోటు చేసింది. ఏదైనా చెడిపోతే ఉంటుందని ఫైలు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. ఆ తర్వాత అత్త రాసిన వరసలను మాత్రం విడిగా తీసి వేరే ఫైలు చేసింది.

“ఇన్ని కతలూ కలిపినా నా ఫోన్లో ఒక్క ఫొటో అంత లేవత్తా.”

మరి బరువు యాడుంది? అత్తాకోడళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. వెతగ్గా వెతగ్గా, యోగానంద రాసిన ప్రతి ఉగాది నాటి మొదటి వరస పక్కన ఒక క్లిప్పు గుర్తు కనబడింది. ఒకదాన్ని నొక్కితే అంతకు ముందు ఏటి ఫైలు మొత్తం బయటికొచ్చింది. అందులోనూ ఉగాది వరస ఉంది, దానికీ క్లిప్పు ఉంది. దాన్ని తెరిస్తే దాని కడుపులో మరో ఏడు. ఏటికేడు ఫైలు రెట్టింపు కాక ఏమవుతుంది?

మామ ఎందుకిలా చేశాడో హేమశ్రీకి అంతుపట్టలేదు. భారతమ్మ ముందుగది వైపు చూసింది. మునిప్రసాద్ నిలువు పోగుల కొత్త పడుగు అతుకుతున్నాడు. పాత పడుగు పోగుకు కొత్త పోగు కలిపి మెలిపెడుతున్నాడు. మగ్గాన్ని ఎప్పుడూ బోడిగా ఉంచకూడదనేది యోగానంద మాట. కొత్త ఏడాదినీ ఆయన పాత ఏడాదికి అట్లాగే అతికాడన్నమాట.

క్లిప్పులన్నీ తీసేస్తే ఫైలు తేలికవుతుందని హేమశ్రీ చెప్పింది. భారతమ్మకు అవన్నీ ఆయన వేసిన ముడులు. లేచి మగ్గం దగ్గరికి వెళ్లింది. పాత పోగులు ఎంత పొడవున మిగిలాయో చెయ్యి పెట్టి చూసింది. కొడుకు ఏమిటన్నట్టు తలెత్తితే, ఏమీ లేదని తిరిగొచ్చింది.

“అతికేదానికి జానెడు పోగు సాలు మే. దానికోసరం పాత గుడ్డంతా మగ్గం మీదే పెట్టుకుంటామా? తీసెయ్. ఆ పెన్‌డ్రైవ్ ఇట్లా ఇయ్యి, బీరువాలో పెడతా.”

క్లిప్పులు ఒక్కొక్కటే పోయాయి. పోయిన ఏడు మిగిలిన సొమ్ము ఇంతని చెప్పే ఉగాది వరస మాత్రం ఉండిపోయింది. ఆ జానెడు చాలు. ఈసారి భారతమ్మ కళ్లద్దాలు పెట్టుకునేలోగా ఫైలు తెరుచుకుంది.

మధ్యాహ్నం అన్నానికి లేచిన మునిప్రసాద్ తల్లి వెనక నిలబడి చదివాడు. ‘నూలు తెచ్చిన ఆటోకు ఇచ్చినది. అబ్బాయి కొత్త పడుగు అతికినాడు. పొద్దుట్నుంచీ మెడ నొస్తున్నట్టుంది, చెప్పడు.’

అతని చెయ్యి మెడ మీదికి పోయింది.

“ఇది గూడా రాయాల్నా మా?”

“బరువేం లేదులే నాయనా,” అంది భారతమ్మ, తెర మీంచి కళ్లు తిప్పకుండా. “హేమ తూసింది.”